బాబు ఏడిస్తే నాకెందుకంత భయం? నా ట్రీట్‌మెంట్ అనుభవం

పిల్లాణ్ణి ఎలా పెంచాలో నాకు చెప్పనివాళ్ళు లేరు. అత్తయ్య చెప్పింది, పక్కింటివాళ్ళు చెప్పారు, పిల్లల డాక్టరు చెప్పారు, ఫోన్‌లో వీడియోలు రోజూ చెప్పేవి. ఓపిక పట్టాలి, అరవకూడదు, కోపం వస్తే పది అంకెలు లెక్కపెట్టుకోవాలి. ఇవన్నీ నాకూ తెలుసు. తెలిసినా నా చేయి నా మాట వినేది కాదు. అది నా మాట వినాలంటే ముందు నా పదేళ్ళ వయసులో జరిగిన ఒక రాత్రికి వైద్యం చేయించుకోవాల్సి వచ్చింది. ఆ వైద్యంలో ఏం చేస్తారో, ఏం అడుగుతారో తెలుసుకుందామని వెతికినప్పుడు నాకు తెలుగులో పెద్దగా ఏమీ దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను. మమ్మల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

మేం గాజువాక దగ్గర ఉంటాం. మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు కింద షిఫ్టుల్లో పని చేస్తారు. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. బాబు పుట్టిన కొత్తలో అంతా బాగానే ఉండేది. రాత్రిళ్ళు ఏడిస్తే లేచి పాలిచ్చేదాన్ని, అందరిలాగే విసుక్కునేదాన్ని. వాడికి రెండున్నరేళ్ళు దాటాక మొదలైంది. మాటలు వచ్చాయి, వాటితోపాటే మంకుపట్టూ వచ్చింది. అడిగింది ఇవ్వకపోతే నేల మీద పడి గుక్కపట్టి ఏడ్చేవాడు. ఆ ఏడుపు ఒక హద్దు దాటగానే నా చెవులు గుయ్‌మనేవి, అరచేతులు చల్లబడిపోయేవి. ఆ తర్వాత ఏం చేస్తున్నానో తెలిసేది కాదు. తెలిసేసరికి నా అరచేయి వాడి నోటి మీద ఉండేది.

కొట్టడం కాదు, నోరు మూయడం. వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, ఏదో ఒక మూలకి జరిగి, "ష్... ష్..." అంటూ నోరు అదిమిపట్టేదాన్ని. ఒకసారి వంటింట్లో గ్యాస్ బండకీ గోడకీ మధ్య అలా కూర్చుని ఉండగా మా ఆయన బి షిఫ్టు దిగి వచ్చారు. మాట్లాడకుండా నా పక్కన గొంతుక్కూర్చుని నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు. బాబు బుగ్గ మీద నాలుగు వేళ్ళూ అచ్చు పడి ఉన్నాయి. వాడు ఏడవడం ఎప్పుడో మానేశాడు. కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూస్తున్నాడు.

ఇది బయటికి కనపడిన సంగతి. కనపడనివి ఇంకా ఉండేవి. రాత్రి గేటు గొళ్ళెం చప్పుడైతే నా పొట్టలో పేగులు మెలిపెట్టినట్టు అయ్యేది, వచ్చేది మా ఆయనే అని తెలిసినా సరే. అందుకే ఆయన వీధి మొదట్లోంచే ఫోన్ చేసి లోపలికి వచ్చేవారు. వెలుతురు లేకపోతే నిద్ర పట్టేది కాదు. బాబుని ఎవరి చేతికీ ఇచ్చేదాన్ని కాదు, అత్తయ్యకి కూడా. ఆవిడ బాధపడేది. "నేను ముగ్గుర్ని పెంచానమ్మా, నీ కొడుకుని ఎత్తుకు పారిపోతానా" అనేది. ఆవిడకి నేనేం చెప్పగలను?

మొదట దిష్టి తీయించారు. తర్వాత ఒక గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి తీసుకెళ్ళి నా చేత పసుపు కుంకుమ వేయించారు. నాకు అమ్మవారంటే నమ్మకమే, కానీ సాయంత్రానికి మళ్ళీ మామూలే. తెలిసినవాళ్ళు చెప్పారని ఒకచోట కౌన్సెలింగ్‌కి కూడా వెళ్ళాం. పావుగంటలో పంపేశారు. పొద్దున్నే ధ్యానం చేయమన్నారు, వారానికోసారి బీచ్‌కెళ్ళి గాలి పీల్చుకోమన్నారు. వైజాగ్‌లో అన్ని రోగాలకీ బీచే మందు! మేం ఆర్కే బీచ్‌కి వెళ్ళాం కూడా. అక్కడ మొక్కజొన్న పొత్తు కోసం బాబు ఏడుపు అందుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు నేను ఇల్లు కదల్లేదు.

చివరికి ఒక రాత్రి మా ఆయన సి షిఫ్టుకి వెళ్ళాక 14416కి ఫోన్ చేశాను. అది టెలి మానస్. ప్రపంచ మానసిక ఆరోగ్య దినం సందర్భంగా 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ. తెలుగులోనే మాట్లాడవచ్చు. అవతలి అమ్మాయి నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె మొదట అడిగింది, "బాబు ఇప్పుడు ఎక్కడున్నాడండీ? నిద్రపోతున్నాడా?" అని. తర్వాత, "మీకు మీరు ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా?" అని. ఈ రెండిటికీ జవాబు విన్నాకే మిగతా సంగతుల్లోకి వచ్చింది. చేతులు చల్లబడటం మొదలవగానే బాబుని నేల మీద కూర్చోబెట్టి, అత్తయ్యని కేకేసి, నేను గుమ్మం దాటి బయటికి రావాలి. ఆ రాత్రికి ఒప్పందం అంతే. సైకియాట్రిస్టుని కలవమని చెప్పింది, ఎక్కడ ఓపీ ఉంటుందో కూడా చెప్పింది.

మా వైపు ఎవర్నైనా ఎగతాళి చేయాలంటే "వీణ్ణి చినవాల్తేరు తీసుకెళ్ళండ్రా" అంటారు, అక్కడ మానసిక వైద్యశాల ఉంది కదా. ఆ మాట వింటూ పెరిగినదాన్ని, సైకియాట్రీ ఓపీ ముందు ముక్కు మీదికి కొంగు లాక్కుని నిలబడ్డాను. చుట్టూ చూస్తే అందరూ మామూలు మనుషులే. నా పక్కన కూర్చున్నావిడ నా జాకెట్టు చేతుల కుట్టు చూసి ఎవరు కుట్టారని అడిగింది. కొంచెం ధైర్యం వచ్చింది. ఇంకో సంగతి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మన చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. ఫలానావిడ అక్కడికి వెళ్ళిందని వీధిలో తెలిస్తే ఎలా అన్న భయంతో ఆగిపోయేవాళ్ళు ఇది తెలుసుకోవాలి.

డాక్టరుగారు ఇరవై ప్రశ్నలున్న కాగితం ఇచ్చారు. పీసీఎల్-5 అంటారట. పాత సంఘటన వద్దన్నా గుర్తొస్తోందా, దాన్ని గుర్తుచేసే చోట్లకి, మనుషులకి దూరంగా ఉంటున్నారా, ఉలిక్కిపడుతున్నారా, తప్పంతా మీదేననిపిస్తోందా... ఇలా. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు వరకు మార్కు, మొత్తం 80. 31, 33 ఆ ప్రాంతం దాటితే పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన సంఘటన తర్వాత ఆ భయం మనసుని వదలకుండా పట్టుకునే జబ్బు, ఉందేమో వివరంగా చూస్తారు. నాకు 50 దాటింది. ఆ పేరు సినిమాల్లో సైనికుల విషయంలోనే విన్నాను. 1980లో అమెరికా వాళ్ళ జబ్బుల పుస్తకంలోకి అది ఎక్కడానికి వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళు పెద్ద కారణమే. కానీ యుద్ధం ఇంట్లో జరిగినా వస్తుందన్నారు డాక్టరుగారు.

సెర్ట్రలిన్ మాత్ర రాశారు. 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 50కి పెంచారు. మొదట్లో వికారంగా ఉండేది, అన్నం చూస్తే కడుపులో తిప్పేది. తర్వాత సర్దుకుంది. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మనంతట మనం మానేయకూడదని గట్టిగా చెప్పారు. నిద్ర కొంచెం మెరుగైంది. కానీ, "మాత్ర మీ ఉలికిపాటు తగ్గిస్తుంది. ఆ రాత్రి సంగతి తేల్చుకోవడానికి థెరపీ కావాలి" అని క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో రిజిస్టర్ అయి ఉండాలి, నంబరు ఉంటుంది. అడిగితే తప్పు పట్టుకోరు. నాకు చికిత్స చేసిన మేడమ్ అడగకముందే చెప్పారు. ఫీజు ఒక్కోసారికి వెయ్యి రూపాయలు. మాకు అది తక్కువ కాదు. రెండు చీటీల్లో ఒకటి ఆపేశాం.

మేడమ్ మొదటి రోజు నా చిన్నప్పటి సంగతులు అడుగుతూ, "భయం వేసిన రోజులన్నీ చెప్పండి" అన్నారు. హుద్‌హుద్ తుఫాను గురించి అడిగారు, వైజాగ్‌లో అందరినీ అడుగుతారనుకుంటాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, పిన్నివాళ్ళింట్లో ఉన్నాను. పట్టపగలు రేకులు ఎగిరిపోతుంటే, కిటికీ అద్దాలు పగులుతుంటే ఇంటిల్లిపాదీ వణికిపోయారు. నేను మాత్రం నిబ్బరంగా తలుపుకి బీరువా అడ్డం జరిపి అందరికీ టీ పెట్టాను. పిన్ని ఇప్పటికీ ఆ మాట చెప్పి మెచ్చుకుంటుంది. మేడమ్ అది విని, "చప్పుడు బయటినుంచి వస్తే మీకు భయం లేదు. ఇంట్లోంచి వస్తేనే" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది.

ఇంట్లోంచి వచ్చిన చప్పుడు నాన్నది. మాది విజయనగరం వైపు. నాన్న జూట్ మిల్లులో పని చేసేవాడు. తాగి వస్తే అమ్మని కొట్టేవాడు. నన్ను పెద్దగా కొట్టింది లేదు. అందుకే అది నాకు జరిగినదని ఎప్పుడూ అనుకోలేదు, అమ్మకి జరిగిందనుకున్నాను. మేడమ్ ఒక సంగతి చెప్పారు. 1990ల్లో అమెరికాలో 17 వేల మందికి పైగా పెద్దవాళ్ళని చిన్ననాటి కష్టాల గురించి అడిగి ఒక పెద్ద అధ్యయనం చేశారట. దెబ్బలు తినడంతోపాటు, తల్లిని కొడుతుంటే చూడటాన్ని కూడా అందులో విడిగా లెక్కవేశారు. అలాంటివి ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక జబ్బుల ముప్పు అంత ఎక్కువగా కనిపించింది. నేను వెంటనే అడిగాను, "అయితే నేనూ నాన్నలాగే అవుతానా?" అని. "అలా ఏం లేదు. ఇలాంటి ఇళ్ళలో పెరిగినవాళ్ళలో ఎక్కువమంది తమ పిల్లల్ని హింసించరు. మీది కోపం కూడా కాదు, భయం. ఆ రాత్రికి మీ తమ్ముడికి ఎన్నేళ్ళు?" అన్నారు.

మూడేళ్ళు. బాబుకి ఆ వయసు దగ్గర పడుతుండగానే నాకు మొదలైందన్న సంగతి అప్పటిదాకా తట్టనేలేదు.

నాకు చేసిన చికిత్స పేరు ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, అంటే భయపడేదాన్ని తప్పించుకోకుండా దాని ఎదురుగా ఎక్కువసేపు నిలబడటం. ఎడ్నా ఫోవా అనే అమెరికా సైకాలజిస్టు తయారుచేసిన పద్ధతి. ఇంకా వేరేవి కూడా ఉన్నాయి. కళ్ళు అటూ ఇటూ కదిలించే ఈఎండీఆర్ ఒకటి, ఆలోచనల మీద పనిచేసేది ఇంకొకటి. మేడమ్ అన్నీ వివరించి నన్నే ఎంచుకోమన్నారు. నాది ఒకే రాత్రి చుట్టూ తిరుగుతోంది కాబట్టి ఇది సరిపోతుందనుకున్నాం. వారానికోసారి గంటన్నర. మామూలుగా ఎనిమిది నుంచి పదిహేను సార్లు పడుతుందన్నారు. నేను చెప్పింది బయటికి పోదని, బాబు ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం మా ఆయనతో మాట్లాడక తప్పదని ముందే చెప్పేశారు. ఆ మాటకి నొచ్చుకోలేదు. ఎవరో ఒకరు కాపలా ఉన్నారనిపించింది.

ఇందులో రెండు పనులుంటాయి. ఒకటి, భయంతో తప్పించుకుంటున్నవాటి జాబితా రాసి, తక్కువ భయం వేసేదాంతో మొదలుపెట్టి ఒక్కొక్కటే చేయడం. భయానికి సున్నా నుంచి వంద వరకు మనమే అంకె వేసుకోవాలి. అత్తయ్యకి బాబుని అప్పజెప్పి రెండు గంటలు బజారుకి వెళ్ళడం నాకు 40. దీపం ఆర్పి పడుకోవడం 50. రాత్రి ఎనిమిదికి వైన్ షాపు ముందు నుంచి నడవడం 65. మా ఆయన ఫోన్ చేయకుండా వచ్చి గొళ్ళెం తీయడం 80. బాబు గుక్కపట్టి ఏడుస్తుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చోవడం 95. ఈ చివరిది మా ఆయన పక్కన ఉన్నప్పుడే చేయాలని షరతు. భయం దానంతటది తగ్గేదాకా అక్కడే ఉండాలి. మధ్యలో లేచిపోతే, లేచిపోవడం వల్లే బతికామని మనసు అనుకుంటుందట.

జాబితాలో నాన్నని కలవడం కూడా రాశాను. మేడమ్ దాన్ని కొట్టేశారు. "నిజంగా ప్రమాదం లేని వాటినే రాయాలి. ప్రమాదం ఉన్నచోట భయపడటం జబ్బు కాదు" అన్నారు. ఇది చాలా ముఖ్యం. ఇప్పటికీ దెబ్బలు తింటున్న ఇంట్లో ఉన్నవాళ్ళకి ముందు కావాల్సింది ఈ జాబితా కాదు, రక్షణ. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. 2005 గృహహింస చట్టం కింద భర్త ఇంట్లోనే ఉండే హక్కు, కొట్టకుండా కోర్టు ఉత్తర్వు అడిగే హక్కు ఉన్నాయి. మా అమ్మకి ఆ రోజుల్లో ఇవేవీ లేవు.

రెండో పని అసలైనది. కళ్ళు మూసుకుని ఆ రాత్రిని మొదటినుంచి చివరిదాకా పైకి చెప్పాలి. జరిగిపోయినట్టు కాదు, ఇప్పుడే జరుగుతున్నట్టు. "నాన్న వచ్చాడు" అంటే మేడమ్ మెల్లిగా "వస్తున్నాడు" అని అందించేవారు. అయిపోగానే మళ్ళీ మొదటినుంచి. గంటన్నరలో చాలాభాగం అదే. మధ్యమధ్య "ఇప్పుడు ఎంత?" అని అంకె అడిగేవారు. ఫోన్‌లో రికార్డు చేసి, ఇంటికెళ్ళాక రోజూ వినమనేవారు. గాయాన్ని మళ్ళీ కెలకడం ఎందుకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ మిషన్ మీద నేను రోజూ చూసేదే: వంకర పోయిన కుట్టు విప్పకుండా దాని మీదే ఇంకో కుట్టు వేస్తే గుడ్డ ముడత పడుతుంది తప్ప తిన్నగా రాదు. ఇరవై ఏళ్ళుగా నేను వేస్తున్నది ఆ పై కుట్టే.

నేను చెప్పింది ఇది. గొళ్ళెం చప్పుడవుతోంది. మందు వాసన. అమ్మ గాజులు. నేను తమ్ముణ్ణి లాక్కుని నులకమంచం కిందికి దూరుతున్నాను. నాన్న కాళ్ళు, లుంగీ అంచు కనపడుతున్నాయి. ఇత్తడి చెంబు దొర్లుకుంటూ వచ్చి నా మోకాలికి తగిలి ఆగింది. తమ్ముడు ఏడుపు మొదలుపెడుతున్నాడు. ఏడిస్తే నాన్నకి మేం ఎక్కడున్నామో తెలిసిపోతుంది. వాడి నోటి మీద చేయి వేసి అదిమాను. అదిమాను. అమ్మ అరుపు ఆగింది. తమ్ముడు మెత్తగా అయిపోయాడు. కదలడం లేదు. చంపేశాను.

వాడు నిద్రపోయాడు, అంతే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు, నాకంటే అడుగు పొడవు. కానీ ఆ మంచం కింద తెల్లవారేదాకా నేను తమ్ముణ్ణి చంపిన పదేళ్ళ పిల్లని. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు. మొదటిసారి పైకి అన్నప్పుడు నా అంకె వంద.

రికార్డింగు వినడానికి మా ఇంట్లో చోటు లేదు. డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన నీడలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేదాన్ని. రోజూ అదే వేళకి ఫోన్ పట్టుకుని పైకి పోయి, ఏడ్చిన మొహంతో కిందికి దిగుతుంటే అత్తయ్యకి అనుమానం రాదా మరి. ఒకరోజు మెట్ల మీద నిలబెట్టి అడిగేసింది, "ఎవరితోనమ్మా మాటలు?" అని. విసుగొచ్చి ఇయర్‌ఫోను తీసి ఆవిడ చెవిలో పెట్టాను. కాసేపు విన్నది. తీసి నా చేతిలో పెట్టి, కిందికెళ్ళి బాబుకి అన్నం పెట్టింది. ఆ తర్వాత నేను డాబా ఎక్కే వేళకి ఆవిడే వాణ్ణి ఎత్తుకుని వీధిలోకి తీసుకెళ్ళేది. ఆ సంగతి మేమిద్దరం ఇప్పటికీ మాట్లాడుకోలేదు.

మొదటి కొన్ని వారాలు పరిస్థితి ముందుకంటే అధ్వాన్నంగా తయారైంది. పీడకలలు పెరిగాయి. కుట్టడానికి ఇచ్చిన పెళ్ళి జాకెట్టుకి వెనక మెడ ముందుకి కత్తిరించేశాను. మానేస్తానని మా ఆయనతో చెప్పాను. ఆయన, "మానేయ్, కానీ ఆ మాట మేడమ్‌కి ఎదురుగా చెప్పి మానేయ్" అన్నారు. చెప్దామనే వెళ్ళాను. ఇలా కొందరికి మొదట పెరిగి తర్వాత తగ్గుతుందని, అందుకే ఇంటి దగ్గర బాబుకి రెండో మనిషి తోడు ఉండేలా ముందే చూసుకున్నామని ఆవిడ గుర్తుచేశారు. సరే ఇంకో రెండుసార్లు చూద్దామనుకున్నాను.

తర్వాత మొత్తం కథ కాకుండా, అంకె ఎక్కువ పలికే ముక్కని మాత్రమే పట్టుకుని మళ్ళీ మళ్ళీ చెప్పించారు. నా విషయంలో అది చేయి వేసిన దగ్గర్నుంచి తమ్ముడు మెత్తబడేవరకు. "చేయి ఎలా ఉంది? బొటనవేలు ఎక్కడుంది? చూపుడువేలు?" అని అడుగుతున్నారు. చెబుతూ చెబుతూ ఆగిపోయాను. చూపుడువేలి అంచుకి వేడిగా గాలి తగులుతోంది. ఆగి, మళ్ళీ తగులుతోంది. వాడి ముక్కు. నా చేయి నోటి మీదే ఉంది, ముక్కు కిందే ఆగింది. పదేళ్ళ పిల్లని, ఆ భయంలో కూడా వాడికి ఊపిరి వదిలిపెట్టే ఉంచాను. ఇంకోసారి చెప్పినప్పుడు అమ్మ గొంతు కూడా వినపడింది, "తమ్ముణ్ణి తీసుకుపోవే" అని. అమ్మని వదిలేసి దాక్కున్నానని ఇన్నేళ్ళూ నన్ను నేను తిట్టుకున్నాను. దాక్కోమన్నది అమ్మే.

ఆ ఆదివారమే అమ్మ దగ్గరికి పరిగెత్తాను. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అడిగాను. తల ఎత్తలేదు. "అవన్నీ ఇప్పుడెందుకే? నాకేటీ గుర్తులేదు. కాయలు ఒలు" అంది. ఒలిచాను. మర్నాడు మేడమ్‌కి ఫోన్ చేసి, నేను కల్పించుకున్నానేమో అన్నాను. ఆవిడ తొందరపడి నాకు ధైర్యం చెప్పలేదు. "జ్ఞాపకాలు అచ్చం వీడియోలాగా ఉండవు. మనం కోర్టులో సాక్ష్యం పెట్టడం లేదు. తమ్ముడు బతికే ఉన్నాడు, పదేళ్ళ పిల్ల తన చేతనైంది చేసింది. ఈ రెండూ నిజమా కాదా?" అన్నారు. నిజమే.

ఆ తర్వాత అదే కథ చెబుతుంటే విసుగు రావడం మొదలైంది. విసుగు రావడం మంచి గుర్తట. ఒక దశలో డాబా మీద రికార్డింగు వింటూ, రేపు ఎన్ని జాకెట్లకి హుక్కులు కుట్టాలో లెక్క వేసుకుంటున్నాను.

పిల్లల పెంపకం గురించిన మాట వచ్చింది అప్పుడే. అంతకుముందే చెప్పి ఉంటే నేను వినేదాన్ని కాదని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు నా చెవుల్లో గుయ్‌మనే మోత తప్ప ఇంకేమీ లేదు కదా. రోజూ పది నిమిషాలు బాబుతో ఆడాలి, కానీ ఆట వాడిది. నేను నేర్పకూడదు, ప్రశ్నలు అడగకూడదు, అలా కాదు ఇలా అనకూడదు. వాడు చేసేది చూసి చెప్పాలి, "ఎర్ర బొత్తం నీలం బొత్తం మీద పెట్టావా" అని కాదు, "ఎర్ర బొత్తం నీలం దాని మీద పెట్టావు" అని. వినడానికి చిన్న పనే. నాకు నోరు కట్టుకోవడం ఎంత కష్టమైందో! వాడు నా బొత్తాల డబ్బా బోర్లించి, రంగులవారీగా కాకుండా వాడికి తోచిన లెక్కలో వరస పెట్టేవాడు. ఆ లెక్క ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

వాడు ఏడిస్తే ఇప్పుడు నేను కింద కూర్చుంటాను, వాడి కళ్ళ ఎత్తుకి. చేతులు ఒళ్ళో. "కావాలా? ఇవ్వలేదని ఏడుపొస్తోందా?" అంటాను. ఇవ్వకూడనిది అయితే ఇవ్వను. ఏడుపు దానంతటది తగ్గుతుంది, తగ్గకపోతే కొంచెంసేపు ఎక్కువ పడుతుంది, అంతే. మేడమ్ ఇంకోటి కూడా చేయించారు. జరిగినదాని గురించి వాడికి వాడి భాషలో చెప్పాలి. "అమ్మ నీ నోరు మూసింది కదా. అమ్మకి భయమేసింది. నీ తప్పు కాదు. అమ్మ ఇంకెప్పుడూ నోరు మూయదు." మూడేళ్ళవాడికి ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను. వాడు నా అరచేయి పట్టుకుని తిప్పి చూసి, "డాక్టర్ బాగు చేసిందా?" అన్నాడు.

ఆఖర్లో అదే ఇరవై ప్రశ్నల కాగితం మళ్ళీ ఇచ్చారు. 20 లోపుకి వచ్చింది. సున్నా కాలేదు. గొళ్ళెం చప్పుడుకి ఇప్పటికీ ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది. ఫోన్ చేసి రావడం మాత్రం మా ఆయన మానేశారు. వర్షాకాలం రాత్రుల్లో ఇంకా దీపం కావాలి. అత్తయ్యతో బాబుని సింహాచలం పంపగలుగుతున్నాను. మాత్ర ఇంకా వేసుకుంటున్నాను. బాగైన తర్వాత కూడా కొన్నాళ్ళు కొనసాగించి, మెల్లిగా తగ్గిద్దామన్నారు డాక్టరుగారు. రెండో చీటీ మళ్ళీ మొదలుపెట్టాలి.

తేలని సంగతి ఒకటుంది. నాన్నకి వయసు మీద పడింది. తాగుడు తగ్గిందని అంటారు, నేను చూడలేదు. ఈ సంక్రాంతికి మనవణ్ణి తీసుకురమ్మని అమ్మ చేత ఫోన్ చేయించాడు. ఇంత వైద్యం చేయించుకున్నావు, ఇంకా పట్టుదలేంటి అని అమ్మ. వైద్యం చేయించుకున్నాను కాబట్టే తీసుకురాను అని నేను. నువ్వు రా, పండగ ఇక్కడ చేసుకుందాం, నెల రోజులు ఉండు అన్నాను. ఆయన్ని వదిలి రానంది. కనుమ దాకా ఫోన్ చేయనని పెట్టేసింది.